చర్చ: ఆర్పీజీ (మనమే ఒక పాత్రగా ఆడే గేమ్) సిరీస్ చివర్లో మీకు మనసు నిండింది ఎక్కడ? స్పాయిలర్లు ఉన్నాయి, చూసుకుని చదవండి

సెక్టార్9_ఎంవీపీ:
నిన్న రాత్రి రెండున్నరకి మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష గేమ్ మూడో భాగం అయిపోయింది. మూడు భాగాలూ కలిపి ఇచ్చిన లెజెండరీ ఎడిషన్‌లో వరసగా ఆడాను, మొత్తం నూట ముప్పై గంటలు దాటింది, అయ్యాక కంట్రోలర్ పక్కన పెట్టి బాల్కనీలో కూర్చున్నా, ఏడుపు రాలేదు, సంతోషమూ లేదు, పెళ్ళివారంతా వెళ్ళిపోయాక ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది.

ఒక విషయం ముందే చెప్పాలి. ఈ సిరీస్ అసలు మా అన్నయ్యది. 2010లో రెండో భాగం వచ్చినప్పుడు తను ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నాకు పదకొండేళ్ళు, తన వెనక స్టూల్ వేసుకుని చూసేదాన్ని. మనం ఆడే పాత్ర షెపర్డ్‌కి తయారుచేసుకున్న ముఖానికి గేమ్ ఒక కోడ్ ఇస్తుంది కదా, అంకెలూ అక్షరాలూ కలిపి పొడుగ్గా, అది తన నోటుబుక్ ఆఖరి పేజీలో పెన్సిల్‌తో రాసి చుట్టూ గీత గీసి పెట్టుకున్నాడు. ఇప్పుడు తను మర్చంట్ నేవీలో ఉన్నాడు, ఆర్నెల్లకోసారి ఇంటికొస్తాడు. నేను అటక మీంచి ఆ నోటుబుక్ దింపి, అదే కోడ్ కొట్టి, అదే ముఖంతో మొదలుపెట్టా. అందుకే ఈ ఎండింగ్ నాకు మామూలు ఎండింగ్ కాదు.

చివర్లో ఇచ్చే మూడు దారులు ఎరుపు, నీలం, ఆకుపచ్చల్లో ఎరుపు ఎంచుకున్నా. శత్రువులైన రీపర్లు పోయారు, కానీ ఎక్కడో వెలితి. మీకు ఏ సిరీస్ చివర్లో మనసు నిండింది, ఏం ఉండబట్టి నిండింది, తీరిగ్గా చెప్పండి.

గాజువాక_గేమర్:
చెల్లీ, నువ్వు ఆడింది ఎక్స్‌టెండెడ్ కట్, అంటే తర్వాత పొడిగించి ఇచ్చిన ముగింపు, కలిపిన ఎండింగ్. మేం 2012 మార్చిలో ఆడింది వేరు. అప్పుడు నువ్వు ఏ రంగు ఎంచుకున్నా దాదాపు అదే వీడియో, పేలుడు రంగు మారుతుంది అంతే, మన ఓడ నార్మండీ ఎందుకు పారిపోతోందో తెలీదు, నాతో పాటు కిందికి దిగినవాళ్ళు దాంట్లోకి ఎలా ఎక్కారో తెలీదు. అయిదేళ్ళు మోసుకొచ్చిన సేవ్ ఫైల్ అది, మొదటి భాగం 2007లో వచ్చింది, మన జట్టులోని రెక్స్‌ని బతికించుకున్నది, రాక్నీ అనే పురుగుల జాతి రాణిని వదిలిపెట్టింది అన్నీ అందులో ఉన్నాయి, చివర్లో వాటి ఊసే లేదు. అభిమానులు డబ్బులు వేసుకుని గేమ్ చేసిన కంపెనీకి నాలుగొందల కప్‌కేకులు పంపారు, మూడు రంగులు, కానీ రుచి అన్నిటికీ ఒకటే. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

జూన్‌లో ఎక్స్‌టెండెడ్ కట్ ఉచితంగా ఇచ్చారు. అప్పట్లో మా ఇంట్లో నెట్ రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకానే ఫ్రీ, రెండింటికి అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నా. మళ్ళీ ఆడితే ఎండింగ్ మారలేదు, అవే రంగులు, కానీ ఆ ఆఖరి పరుగులో గాయపడ్డ మనవాళ్ళని నార్మండీ వచ్చి తీసుకెళ్తుంది, ఎక్కేముందు వాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగి మనతో మాట్లాడతారు, తర్వాత గోడ మీద మన పేరున్న పలక పెడతారు. కథ అదే, వీడ్కోలు చెప్పుకునే టైం ఇచ్చారు. నాకు సగం కోపం అక్కడే పోయింది. సగం ఇంకా ఉంది, అది వేరే సంగతి.

సింహాచలం_మెట్లు:
మా ఇంట్లో ఏటా సత్యనారాయణ వ్రతం చేస్తాం. కథ అయిదో అధ్యాయంతో అయిపోయినా ఎవరూ లేవరు, ఫలశ్రుతి వినాలి, ఇది చేసినవాళ్ళకి ఏమైంది, విన్నవాళ్ళకి ఏమౌతుంది అని. చిన్నప్పుడు ప్రసాదం కోసం ఎదురుచూస్తూ విసుక్కునేవాణ్ణి, తర్వాత ఫాల్ఔట్ ఆడుతుంటే ఠక్కున వెలిగింది, ఆ సిరీస్ చివర్లో వచ్చే స్లైడ్‌లు సరిగ్గా ఫలశ్రుతే. 1997 నాటి మొదటి ఫాల్ఔట్ నుంచీ ఉంది, పలానా ఊరికి నువ్వు ఇది చేశావు కాబట్టి వాళ్ళు ఇలా అయ్యారు అని ఒక్కో బొమ్మ మీద ఒక గొంతు చెప్తుంది. న్యూ వెగాస్‌లో అయితే నీ పక్కన నడిచినవాళ్ళ సంగతి వాళ్ళ గొంతుతోనే వినిపిస్తారు. పెద్ద ఖర్చున్న పనీ కాదు, బొమ్మా మాటా అంతే, అయినా నేను ఎక్కడో ఒక చిన్న ఊళ్ళో ఓ ముసలాయనకి చేసిన సాయం అక్కడ వినపడితే ప్రాణం లేచొస్తుంది.

ఫాల్ఔట్ మూడో భాగం ఈ విషయంలో తడబడింది. 2008లో వచ్చినప్పుడు చివర్లో రేడియేషన్ నిండిన గదిలోకి ఎవరో ఒకరు వెళ్ళాలి, నా పక్కనే ఫాక్స్ ఉన్నాడు, సూపర్ మ్యూటంట్, రేడియేషన్ అతన్ని ఏమీ చెయ్యదు, అంతకుముందు అలాంటి గదిలోంచే నాకోసం ఒక వస్తువు తెచ్చిపెట్టాడు కూడా, అలాంటిది ఇక్కడ వెళ్ళమంటే ఇది నీ విధి, నేను అడ్డు రాను అంటాడు. నాకు చావడం అభ్యంతరం కాదు. ఆట తనే పెట్టిన నియమాన్ని ఏడిపించడం కోసం తనే మర్చిపోతే తట్టుకోలేను. మర్నాటి సంవత్సరం బ్రోకెన్ స్టీల్ అనే అదనపు భాగంలో దిద్దారు, అతన్ని పంపొచ్చు, తర్వాత ఆట కొనసాగించొచ్చు.

బల్దర్స్ గేట్ 3 ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 2023 ఆగస్టులో వచ్చింది, నవంబర్ ఆఖర్న అయిదో ప్యాచ్‌లో ఆర్నెల్ల తర్వాత క్యాంపులో అందరూ కలిసే విందు పెట్టారు. పెట్టెలో ఉత్తరాలుంటాయి, మనం కాపాడినవాళ్ళు రాసినవి. నేను ఆ రాత్రి ఒక్కో ఉత్తరం చదువుతూ గంటన్నర కూర్చున్నా.

భీమిలి_గాలి:
మా అమ్మమ్మ ప్రతి కథా కథ కంచికి, మనం ఇంటికి అని ముగించేది. చాలా గేమ్‌లు కథని కంచికి పంపుతాయి కానీ మనల్ని ఇంటికి పంపవు. విచర్ 3 పంపింది, అక్షరాలా ఇల్లు ఇచ్చి మరీ పంపింది.

2016 మే 31న వచ్చిన దాని అదనపు భాగం బ్లడ్ అండ్ వైన్ గురించి చెప్తున్నా. టూసాంట్ అనే రాజ్యంలో హీరో గెరాల్ట్‌కి కోర్వో బియాంకో అని ద్రాక్షతోట ఇస్తారు. మూడు గేమ్‌ల నుంచీ ఈ మనిషి సత్రాల్లో పడుకున్నాడు, చెట్ల కింద పడుకున్నాడు, తనదంటూ ఒక మంచం లేదు. డబ్బులిచ్చి గది బాగు చేయించి, మందుమొక్కల పెరడు వేయించి, గోడకి పటాలు తగిలిస్తుంటే, ఆ రోజు రాక్షసుల వేట ఏదీ చెయ్యలేదు నేను, ఇల్లు సర్దుకుంటూనే గడిచిపోయింది. చివర్లో మన పాత నిర్ణయాల్ని బట్టి ఆ ఇంటికి గెరాల్ట్ పెంచిన పిల్ల సిరి రావచ్చు, ప్రేమించిన యెన్నెఫర్ రావచ్చు, ట్రిస్ రావచ్చు, ఎవరూ లేకపోతే స్నేహితుడు డాండెలియన్ వస్తాడు. నాకు సిరి వచ్చింది. ఆఖర్న పాత స్నేహితుడు రీజిస్‌తో మంట దగ్గర కూర్చుని మాట్లాడుకునే సీన్‌లో ఇక కాస్త విశ్రాంతి తీసుకోవాలి అన్న మాట రాగానే గెరాల్ట్ మెల్లగా తల తిప్పి స్క్రీన్‌లోంచి తిన్నగా మన కళ్ళలోకి చూసి చిన్నగా నవ్వుతాడు. అంతే. పేలుడు లేదు, ఉపన్యాసం లేదు. వెళ్ళిరా అన్నట్టు.

మెయిన్ కథ ఎండింగ్ కూడా చెప్పాలి. సిరి బతుకుతుందా లేదా అన్నది పెద్ద యుద్ధంలో తేలదు, ఆ పిల్ల దిగులుగా ఉన్నప్పుడు మనం ఏం చేశాం అన్న దాంట్లో తేలుతుంది. గెరాల్ట్ గురువు వెసిమిర్ పోయాక సిరి కుంగిపోయి ఉంటుంది, అప్పుడు అన్నీ నువ్వే చెయ్యనక్కర్లేదులే అని ఊరడించి మందు పోయొచ్చు, లేదా బయటికి లాక్కెళ్ళి మంచుముద్దలు విసురుకోవచ్చు. నేను మంచుముద్దలు ఎంచుకున్నా, అది లెక్కలోకొస్తుందని తెలీదు, మా అమ్మాయి అలిగితే నేనూ ఇంట్లో చేసే పని అదే కాబట్టి చేశా. ఆఖర్లో సిరి ఒక్కత్తీ లోపలికి వెళ్తున్నప్పుడు ఆ క్షణాలే ఆమెకి గుర్తొస్తాయి. అక్కడ నా కళ్ళు తడిశాయి.

పెందుర్తి_పిల్లకాలువ:
ఏటండీ అందరూ బతికుంటేనే మనసు నిండుతుందన్నట్టు మాట్లాడతన్నారు. పర్సోనా 3 ఆడండి ఒకసారి, కొత్తగా చేసిన రీలోడ్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక్క స్కూల్ ఏడాది, రోజురోజూ క్యాలెండర్ తిరుగుతాది, ఆఖరికి మార్చి 5న డాబా మీద ఎండలో తోటి రోబో అమ్మాయి ఐగిస్ ఒళ్ళో తల పెట్టుకుని ఉంటాం, కింద నించి మెట్ల మీద స్నేహితుల అడుగుల చప్పుడు వినపడతాది, ఇచ్చిన మాట ప్రకారం అందరూ వస్తన్నారు, కళ్ళు మూతలు పడిపోతాయి. వాళ్ళు వస్తన్నారని తెలియడం చాలు నాకు. ఆ ఏడాదిలో ఒక్క రోజు కూడా దండగ చెయ్యలేదు అనిపించింది.

ఇంకోటి, సూయికోడెన్. 108 మందిని కోటలోకి చేర్చుకోవాలి, అష్టోత్తరం లెక్క. వంటవాడు ఉంటాడు, లిఫ్ట్ కట్టేవాడు ఉంటాడు, ఒక్కొక్కరూ వచ్చే కొద్దీ ఖాళీ కోట సందడిగా మారిపోద్ది. 108 మందీ కుదిరితే చచ్చిపోయిన గ్రెమియో, హీరోని పెంచినవాడు, తిరిగొస్తాడు, చివర్న అందరూ తర్వాత ఏమయ్యారో ఒక్కొక్క పేరూ వేసి చెప్తారు. 1995 నాటి గేమ్ అది! రెండో దాంట్లోకి మొదటి దాని సేవ్ తెచ్చుకుంటే పాత హీరో గ్రెమియోతో కలిసి కనపడతాడు, ఆ హీరో ఒక పల్లెలో చేపలు పట్టుకుంటా ఉంటే మన చుట్టాల్ని చూసినట్టే ఉంటాది.

ఉక్కునగరం_ఏ_షిఫ్ట్:
డ్రాగన్ ఏజ్ బాధ నాది. 2009లో వచ్చిన మొదటి గేమ్ నుంచి చేసిన నిర్ణయాలన్నీ కీప్ అనే సైట్‌లో పదిలంగా దాచుకున్నాం, ఎవర్ని రాజుని చేశాం, ఎవర్ని పోగొట్టుకున్నాం అన్నీ. పదేళ్ళు ఆగాక 2024లో వెయిల్‌గార్డ్ వచ్చి మూడంటే మూడు ప్రశ్నలు అడిగింది, మూడూ మూడో భాగం ఇంక్విజిషన్ గురించే. అందులో సోలాస్ అనే పాత్ర ముగింపు బాగుంది, అబద్ధం చెప్పను. కానీ మొదటి రెండు గేమ్‌ల్లో నేను చేసినవి ఎక్కడా వినపడకపోతే, చాలాకాలం తర్వాత ఇంటికెళ్తే మన పేరు ఎవరూ పిలవనట్టు ఉంది.

రుషికొండ_రాత్రి:
నాది హుద్‌హుద్ కథ. 2014 అక్టోబర్ 12 ఆదివారం. అంతకుముందు రాత్రి మాస్ ఎఫెక్ట్ 3లో లండన్ దాకా వచ్చి, ఆఖరి మిషన్ మర్నాడు ప్రశాంతంగా ఆడదాంలే అని సేవ్ చేసి పడుకున్నా. తెల్లారాక ఏం జరిగిందో వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా కిటికీ అద్దాలు పోయాయి, ఇంటి ముందు బాదం చెట్టు పడిపోయింది, సీపీయూని దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టాం. కరెంటు మా వీధికి తొమ్మిదో రోజున వచ్చింది. ఆ రాత్రులన్నీ డాబా మీద నేనూ తమ్ముడూ చాప వేసుకుని, ఊరంతా చీకటి, ఫోన్లు లేవు, ఎండింగ్ ఎలా ఉంటుందో మేమే చెప్పుకునేవాళ్ళం, జట్టులోని టాలీ తన గ్రహంలో ఇల్లు కట్టుకుంటుందని వాడు, రెక్స్ పిల్లల్ని ఆడిస్తాడని నేను.

కరెంటొచ్చి ఆడితే ఒకటి అర్థమైంది. దాడికి ముందు లండన్ శిబిరంలో తిరుగుతూ ఒక్కొక్కరితో మాట్లాడొచ్చు, అక్కడ లేని పాతవాళ్ళకి తెర మీద కాల్ చెయ్యొచ్చు. నాకు అసలు ఎండింగ్ అదే, ఆ తర్వాత వచ్చే రంగులు కాదు. సెక్టార్9, నువ్వు అక్కడ అందరితో మాట్లాడావా, తిన్నగా వెళ్ళిపోయావా? 2013లో వచ్చిన సిటడెల్ అనే అదనపు భాగం కూడా లెజెండరీలో ఉంది, అందులో జట్టంతా కలిసే పార్టీ చేశావా?

సెక్టార్9_ఎంవీపీ:
తిన్నగా వెళ్ళిపోయాను. రాత్రి బాగా పొద్దుపోయింది, ఎలాగైనా అవగొట్టాలని. పార్టీ కూడా వదిలేశా, గెలిచాక చూద్దాంలే అనుకున్నా. మీ అందరివీ చదివాక నా వెలితి ఎక్కడుందో తెలిసింది, రంగుల్లో కాదు, నేను ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను.

సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రం పైకెక్కి జట్టులోని గారస్‌తో సీసాలు కొట్టే సీన్ ఉంది కదా, ఇద్దరూ తుపాకులు పట్టుకుని గాల్లోకి విసిరిన సీసాల్ని కొట్టాలి, చివర్లో మన వంతు వచ్చినప్పుడు కొట్టాలా కావాలని గురి తప్పాలా అని అడుగుతుంది. నేను కొట్టేశా, ఏమీ ఆలోచించలేదు.

గాజువాక_గేమర్:
పాత సేవ్ ఉంటుంది చూడు చెల్లీ. లోడ్ చేసుకో, ఎవరూ తొందరపెట్టరు.

సెక్టార్9_ఎంవీపీ:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. అన్నయ్య మొన్న వచ్చాడు. నోటుబుక్ చూపిస్తే ఆ పేజీ మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచాడు. సీసాల సీన్ ముందు సేవ్ దొరికింది, కంట్రోలర్ తనకిచ్చి నేను స్టూల్ తెచ్చుకున్నా. అక్కణ్ణించి నాలుగు సాయంత్రాలు పట్టింది, పార్టీలో ప్రతి గదిలోకీ వెళ్ళాం, లండన్‌లో అందరితోనూ మాట్లాడాం, కాల్స్‌తో సహా, అమ్మ మధ్యలో వచ్చి ఇంకా అదే అమ్మాయేనా అని అడిగింది, షెపర్డ్ ముఖం తనకీ గుర్తుంది.

సీసా దగ్గర అన్నయ్య గురి తప్పాడు. ఎందుకని అడిగితే, గారస్ ఎంత సంతోషపడ్డాడో చూడు అన్నాడు.