బ్లాక్ గెలాక్సీ మీద నగరే మార్కు విరుపు ఎట్లా తేవాలి?

గుండ్లకమ్మ గట్టు: జపాన్ శిల్పి మసయుకి నగరే రాళ్ళలో ఒక ముఖం అద్దంలా ఉంటే, పక్కనే పగలగొట్టిన ముఖం అట్లాగే ఉంటుంది గదా. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ (బంగారు చుక్కల నల్ల గ్రానైట్) అడుగున్నర ముక్క మీద ఆ పని పెట్టుకుంటే విరిచినచోట బూడిదరంగు తేలుతోంది, పాలిష్ అంచు పెచ్చులూడుతోంది. తప్పు రాయిదా, పద్ధతిదా? ఇంతకీ ఆయనకి పేరొచ్చింది ఈ విరుపుతోనేనా?

ఉలిమొన: బూడిదరంగు తప్పు కాదన్నా, ఆ పనికి ప్రాణమే అది. విరిగిన ముఖం మీద వెలుగు చెదిరి పాలిపోయినట్టుంటుంది. నునుపు ముఖంలోనే లోపలి నలుపూ, బంగారు చుక్కలూ పైకొస్తాయి. ఈ విరుపుని జపాన్‌లో 'వరెహద' అంటారు, విరిగిన చర్మం అని. నలుపు కోసం నూనె పూశారా, దుమ్ము పట్టి రెండు ముఖాలూ చెడతాయి.

పెచ్చులకి కారణం వరస తప్పడం. పాలిష్ అయ్యాక పక్కన సుత్తి పడితే ఏ అంచూ నిలవదు. ముందు హద్దు వెంట డైమండ్ బ్లేడుతో 5, 6 మి.మీ. లోతు గాడి కొట్టండి. కార్బైడ్ ఉలిని గాడికి అవతల, తీసేసే పక్క పెట్టి, దెబ్బ బయటికి పోయేట్టు వాల్చి కొట్టాలి. పాలిష్ ఆ తర్వాతే. నీళ్ళు పోస్తూ 50, 100, 200, 400, 800, 1500, 3000 నంబరు పాలిష్ ప్యాడ్లు వరసగా (నంబరు పెరిగేకొద్దీ నునుపు), చివర మెరుపుకి బఫ్ ప్యాడ్. మధ్యలో ఒకటి ఎగ్గొడితే నీడలో తెలియదు, ఎండలో గీతలు పట్టిస్తాయి. అంచు దగ్గర ప్యాడ్ వాలిస్తే అంచు గుండ్రబడి విరుపు పొగరు చస్తుంది. పాలిష్ బురదని విరుపులో ఆరనీయొద్దు, మళ్ళీ వదలదు.

కొత్తపట్నం గాలి: పేరు విరుపుతో ఒక్కదానితోనే రాలేదు. నగరే 1923లో నాగసాకిలో పుట్టాడు, యుద్ధంలో నౌకాదళ పైలట్. తర్వాత షికోకు దీవిలోని అజిలో స్థిరపడ్డాడు. అదీ మన చీమకుర్తి లాగే రాతిమీద బతికే ఊరు. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జపాన్ పెవిలియన్ రాతిగోడలతో అమెరికా దృష్టిలో పడ్డాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకప్పటి బ్యాంక్ ఆఫ్ అమెరికా కేంద్ర భవనం ముందున్న ఆయన శిల్పం 'ట్రాన్సెండెన్స్' అయితే ఒళ్ళంతా నునుపే. జనం ఎగతాళిగా 'బ్యాంకర్ గుండెకాయ' అంటారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గరి ఆయన శిల్పం 'క్లౌడ్ ఫోర్ట్రెస్' 2001 దాడికి తట్టుకుంది గానీ, తర్వాత శిథిలాలు తీసే పనిలో పోయింది. ఆయన 2018లో చనిపోయాడు.

ఉలిమొన: ఒకటి మరిచా. పని మొదలెట్టకముందు రాయిని బాగా తడిపి ఆరనివ్వండి. అంతా ఆరాక కూడా తడిగీత మిగిలిందంటే అక్కడ నెర్ర ఉన్నట్టే, హద్దు దానికి దూరంగా గీయండి.