స్టాప్ బటన్ నొక్కిన తరువాత కూడా బెల్టులో చెయ్యి పడింది: కడిగేటప్పుడు యంత్రాన్ని ఎలా ఆపాలి?

గాజువాక రాత్రి షిఫ్ట్ | 8 సెప్టెంబరు 2024

నమస్కారం. నేను విశాఖపట్నంలో రొయ్యలను ఎగుమతికి సిద్ధం చేసే ఒక యూనిట్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. గత నెల తెల్లవారుజామున మూడు గంటలప్పుడు గ్రేడింగ్ యంత్రం కింది కన్వేయర్‌ను కడుగుతున్న కాంట్రాక్ట్ కుర్రవాడి చూపుడు వేలు చివరి కణుపు వరకు తెగిపోయింది. అతను స్టాప్ బటన్ నొక్కిన తరువాతే పనిలోకి దిగాడు. బెల్టుకూ చివరి రోలర్‌కూ మధ్య ఇరుక్కున్న పొట్టును లాగుతుండగా, అవతల ప్యానెల్ దగ్గర ఉన్న ఆపరేటర్ కడగడం అయిపోయిందనుకుని స్టార్ట్ నొక్కాడు. ఇద్దరికీ మధ్య ఐసు తొట్టి అడ్డంగా ఉంది, నీటి పంపు హోరులో కేక కూడా వినపడలేదు.

రిపోర్టులో కార్మికుడి అజాగ్రత్త అని రాశారు. దాని కింద నా సంతకం కూడా ఉంది. బెల్టు తిరుగుతుండగా కడిగితే తప్ప శుభ్రం కాదని పైవాళ్ళు అంటున్నారు, అది నిజమేనా? స్టాప్ నొక్కడం సరిపోకపోతే ఇంకేం చేయాలి? అజాగ్రత్త అని రాసినందువల్ల ఆ కుర్రవాడికి రావలసినది పోతుందా?

పెందుర్తి ఎలక్ట్రీషియన్ | 8 సెప్టెంబరు

భారీ పరిశ్రమలో మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాణ్ణి, ఆ అనుభవంతో చెబుతున్నాను. స్టాప్ బటన్ అంటే గొళ్ళెం మాత్రమే, తాళం కాదు. దాన్ని నొక్కితే కాంటాక్టర్, అంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్, విడిపోతుందే గానీ, కరెంటు ప్యానెల్ దాకా వచ్చి అక్కడే కూర్చుని ఉంటుంది. ఎవరో ఒకరు స్టార్ట్ నొక్కినా, సెన్సర్ ముందు నీళ్ళు పడినా, తడికి వైరు షార్టయినా మోటారు మళ్ళీ తిరుగుతుంది. ఎర్ర పుట్టగొడుగు లాంటి ఎమర్జెన్సీ బటన్‌ది కూడా ఇదే కథ, ఎవరైనా తిప్పి వదిలేయగలరు.

బెల్టు నెమ్మదిగానే పోతుంది కదా అనుకోవద్దు. నిమిషానికి 30 మీటర్లు నడిచే బెల్టు అర సెకనులో 25 సెంటీమీటర్లు పోతుంది. 'అయ్యో' అని చెయ్యి లాక్కోవడానికి మనిషికి దాదాపు అంత సమయమే పడుతుంది, అంటే మణికట్టు దాటి లోపలికి పోయిన తరువాతే మెదడుకు తెలుస్తుంది. బెల్టు రోలర్ మీదికి ఎక్కే ఆ సందు మొత్తం లైనులోకెల్లా ప్రమాదకరమైన చోటు, పొట్టు ఇరుక్కునేదీ అక్కడే.

చేయవలసినదల్లా, ఆ లైనుకు కరెంటును పూర్తిగా తెంచే మెయిన్ స్విచ్‌ను, అంటే ఐసోలేటర్‌ను, ఆఫ్ చేసి, చెయ్యి పెట్టబోయే మనిషే దానికి తన తాళం వేసి, తాళంచెవిని తన జేబులో పెట్టుకోవడం. నలుగురు కడుగుతుంటే నాలుగు తాళాలు, నాలుగు చెవులు. సూపర్‌వైజర్ దగ్గర డూప్లికేట్ ఉంటే అది తాళం కిందికి రాదు. తాళం వేశాక స్టార్ట్ నొక్కి, కదలడం లేదని కళ్ళతో చూడాలి. గాలి ఒత్తిడితో కదిలే సిలిండర్ ఉన్న యంత్రమైతే కరెంటు తీసినా గాలి ఒత్తిడి మిగిలి ఉంటుంది కనుక వాల్వు మూసి, లోపలి గాలిని కూడా వదిలేయాలి.

మల్కాపురం శానిటేషన్ | 9 సెప్టెంబరు

ఎలక్ట్రీషియన్ గారు చెప్పినది సరైనదే, కానీ ఆ తాళం మేకుకు వేలాడుతూ ఎందుకు ఉండిపోతుందో కడిగేవాళ్ళం మేము చెప్పాలి. నాలుగు లైన్లు కడగడానికి గంటన్నర ఇస్తారు, ఆరు గంటలకు పగటి షిఫ్ట్ ఎక్కుతుంది. తొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఆ గంటన్నర రెండు గంటలు కావడం ఒక్క రోజు కూడా చూడలేదు. ఐసు నీళ్ళలో వేళ్ళు మొద్దుబారిపోతాయి, రబ్బరు గ్లౌజు కొనను రోలర్ పట్టుకుంటే ముందుగా తెలియదు.

తిరుగుతుండగానే కడగాలన్నది సగమే నిజం. కవర్లన్నీ వేసి, దూరం నుంచి పైపుతో నీళ్ళు కొట్టేటప్పుడు బెల్టు తిరగవచ్చు. బ్రష్షుతో రుద్దాలంటే మాత్రం ఆపి, తాళం వేసి, కనిపించినంత మేర రుద్ది, అందరూ పక్కకు వచ్చాక తాళం తీసి, ఒక పొడవు జరిపి, మళ్ళీ తాళం వేయాలి. మా లైనుకు నాలుగుసార్లు జరిపితే బెల్టు చుట్టు మొత్తం పూర్తవుతుంది.

ఇంకొక్క మాట. మన దగ్గర ఐసుకు కొదవ లేదు కనుక తెగిన వేలిని తెచ్చి నేరుగా ఐసులో పడేస్తారు, దానితో ఆ కండ చచ్చిపోతుంది. నీళ్ళతో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవరులో గట్టిగా మూసి, ఆ కవరును ఐసు నీళ్ళలో ఉంచి మనిషితో పాటే ఆసుపత్రికి పంపాలి.

ద్వారకానగర్ లేబర్ సలహాదారు | 9 సెప్టెంబరు

మూడో ప్రశ్నకు జవాబు, ఈ 2024లో అమలులో ఉన్న చట్టాల ప్రకారం చెబుతున్నాను. కుర్రవాడి జీతం నెలకు 21,000 రూపాయలకు మించకపోతే అతను ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, పరిధిలో ఉండాలి. కాంట్రాక్టర్ చందా కట్టలేదన్నా ప్రధాన యజమాని, అంటే మీ యూనిట్ యజమాని, తప్పించుకోలేడు. అజాగ్రత్త అన్న మాటకు ఇక్కడ బలం లేదు. కార్మికుడు నిబంధన మీరి పనిచేసినా, అది యజమాని పని కోసమే చేసినదైతే ఉద్యోగంలో జరిగిన ప్రమాదంగానే పరిగణించాలని ఈఎస్ఐ చట్టం 51బి సెక్షన్ చెబుతోంది. పైగా ఇతను ఏ నిబంధనా మీరలేదు.

చూపుడు వేలి ఒక కణుపు పోతే సంపాదన శక్తిలో 9 శాతం నష్టమని చట్టానికి జతచేసిన పట్టిక (షెడ్యూలు) లెక్క. సగటు రోజు కూలి 500 రూపాయలనుకుంటే, దానిలో 90 శాతం 450, అందులో 9 శాతం 40 రూపాయల 50 పైసలు. రోజుకు అంత చొప్పున జీవితాంతం వస్తుంది, గాయం వల్ల పనికి వెళ్ళలేక ఇంట్లో ఉన్న రోజులకు వచ్చేది వేరు. తక్కువే కదా అని వదులుకోవద్దు. నష్టం ఎంతో తేల్చే మెడికల్ బోర్డుకు వెళ్ళే ముందు ప్రమాద నివేదిక నకలు చేతిలో ఉండేలా చూడండి, స్టాప్ నొక్కాడన్న సంగతిని మీరు విడిగా రాసి ఇవ్వండి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌ను కూడా మీ పైవాళ్ళకు చూపించండి. తిరుగుతున్న యంత్రం దగ్గర ప్రత్యేక శిక్షణ పొందిన మనిషి బిగుతైన దుస్తులతో చేయదగినవి పరిశీలించడం, నూనె వేయడం, సర్దుబాటు చేయడం వంటివే. కడగడం ఆ మినహాయింపులో లేదు. కదిలే భాగం వల్ల గాయపడే అవకాశం ఉంటే ఆడవాళ్ళ చేత యంత్రాన్ని శుభ్రం చేయించడమే నిషేధం.

గాజువాక రాత్రి షిఫ్ట్ | 11 సెప్టెంబరు

అందరికీ కృతజ్ఞతలు. స్టాప్ నొక్కిన సంగతి రాసి ఇచ్చాను, నకలు మీద రసీదు ముద్ర వేయించుకున్నాను. నిన్న నాలుగు తాళాలు కొని తీసుకువెళితే, మా ప్యానెల్‌లోని ఐసోలేటర్ పిడికి తాళం పట్టే రంధ్రమే లేదు. డ్రిల్లుతో రంధ్రం వేయించవచ్చా?

పెందుర్తి ఎలక్ట్రీషియన్ | 11 సెప్టెంబరు

వేయించవద్దు, పిడి పగిలితే లోపల స్విచ్ ఏ స్థితిలో ఉందో బయటికి తెలియదు. తాళం పట్టే రకం ఐసోలేటర్ తెప్పించండి. అది వచ్చేలోగా మీ ఎలక్ట్రీషియన్ చేత ఐసోలేటర్ ఆఫ్ చేయించి, మూడు ఫ్యూజులూ తీయించి ఒక పెట్టెలో పెట్టండి. ఆ పెట్టెకు కడిగే నలుగురి తాళాలూ పడాలి.