పాత మోటర్‌హోమ్: పెద్ద డీలర్ దగ్గర కొంటే నిశ్చింతేనా?

ప్రసన్న_కె

అందరికీ నమస్కారం. మావారు వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. ఏడాదిలో నాలుగైదు నెలలు రోడ్డు మీదే గడపాలని ఇద్దరికీ ఎప్పటి నుంచో కోరిక. కొత్త మోటర్‌హోమ్ (లోపలే వండుకుని, పడుకునే ఇల్లులాంటి బండి) మా తాహతుకు మించింది, అందుకని పాతవే చూస్తున్నాం. తొమ్మిదేళ్ల బండి ఒకటి బాగా నచ్చింది. అది చాలా బ్రాంచీలున్న ఒక పెద్ద డీలర్ దగ్గర ఉంది. దాదాపు అదే మోడల్, అదే వయసుది ఒక పెద్దాయన సొంతంగా అమ్ముతున్నారు. ఆయన అడిగే ధర బాగా తక్కువ.

మావారేమో "పెద్ద సంస్థ, పేరు చెడగొట్టుకోరు. 150 పాయింట్ల తనిఖీ చేశామంటున్నారు. రేపు ఏదైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి ఒక చోటంటూ ఉంటుంది" అంటున్నారు. నాకేమో అక్కడి సేల్స్ అబ్బాయి "ఆదివారం లోపు అడ్వాన్స్ కట్టకపోతే చేజారిపోతుంది మేడమ్" అని మూడుసార్లు అనడం నచ్చలేదు. డీలర్‌కి ఆ ఎక్కువ డబ్బు ఇవ్వడంలో అర్థం ఉందా? కొన్నవాళ్లు చెప్పండి.

సుధాకర్_వి

నేను మీవారి పక్షమండీ. ధర ఒక్కటే చూడకండి. మేము మొదట ఒక ఓనర్ దగ్గరే కొనబోయాం. మనిషి మంచివాడు, బండి శుభ్రంగా ఉంది. అడ్వాన్స్ ఇచ్చాక తెలిసింది, దాని మీద లోన్ ఇంకా తీరలేదని. ఆయన తీర్చడం, బ్యాంకు కాగితాలు వదలడం, మా పేరు మీదికి మారడం, ఏదీ తేలకుండానే నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ నాకు సరిగ్గా నిద్ర లేదు. చివరికి విసిగిపోయి అడ్వాన్స్ వెనక్కి తీసుకుని డీలర్ దగ్గరికి వెళ్లాం. లోన్, రిజిస్ట్రేషన్, పాత కారు మార్పిడి అన్నీ ఒకే టేబుల్ దగ్గర అయిపోయాయి. ఐదేళ్లుగా తిరుగుతున్నాం, పెద్ద ఇబ్బందేమీ రాలేదు. ఎక్కువ ఇచ్చింది ఆ నిశ్చింత కోసమే అనుకుంటాను.

రహదారి_నేస్తం

సుధాకర్ గారికి కలిసొచ్చింది, సంతోషం. మాకు అలా కాలేదు. మేమూ పెద్ద డీలర్ దగ్గరే కొన్నాం. మూడో వానకి మంచం తల వైపు మూలలో ముక్కవాసన మొదలైంది. కిటికీ కింద గోడ మీద బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోయింది. గోడ విప్పించాం. పైన లైట్ చుట్టూ సీలెంట్, అంటే నీరు దిగకుండా సందుల్లో పూసే పదార్థం, వెంట్రుకవాసి పగిలి ఉంది. అక్కడి నుంచి దిగిన నీరు ఫ్రేమ్ పట్టుకుని కిందికి పాకి, లోపలి ప్లైవుడ్‌ని నల్లగా కుళ్లబెట్టింది. అది ఒక్క వానలో అయ్యే పని కాదు, మేము కొనే నాటికే ఏళ్ల తరబడి తడుస్తోందని బాగుచేసినాయన చెప్పాడు.

డీలర్‌ని అడిగితే, "బండి ఎలా ఉంటే అలాగే తీసుకుంటున్నాను" అని మేము సంతకం పెట్టిన కాగితం తీసి చూపించారు. వాళ్లే అమ్మిన ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది కదా అంటే, నీటి లీకు వల్ల వచ్చే నష్టం అందులోకి రాదని ఉన్న పేజీ తెరిచారు. వెళ్లి అడగడానికి చోటు ఉంది, నిజమే. వెళ్లాం, అడిగాం, వచ్చాం. ప్రసన్న గారూ, మీ అనుమానాన్ని కొట్టిపారేయకండి.

సుధాకర్_వి

మీకు జరిగింది చాలా బాధాకరం. కానీ అదే బండిని ఓనర్ దగ్గర కొన్నా ఆ తడి కనిపించేది కాదు కదా? ఓనర్ కూడా దాస్తాడు. లేదా ఆయనకే తెలియకపోవచ్చు.

సర్వీస్‌బే

నేను ఎనిమిదేళ్లు ఒక పెద్ద డీలర్ దగ్గర సర్వీస్ టెక్నీషియన్‌గా పనిచేశాను. ఇప్పుడు మానేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ తనిఖీ సంగతి. మా చోట బండికి ఇన్ని గంటలని లెక్క కట్టి పని ఇచ్చేవారు. ఆ గంటల్లో లైట్లు వెలుగుతున్నాయా, పంపు తిరుగుతోందా, స్లైడవుట్ (బండి ఆపాక గది పెద్దదయ్యేలా బయటికి జరిగే భాగం) బయటికి వెళ్లి లోపలికి వస్తోందా, ఇలాంటివి చూసి టిక్ పెట్టేవాళ్లం. రూఫ్ చూశారా అన్న గడి ఉండేది. గోడలో తేమ ఎంత ఉందన్న గడి ఉండేది కాదు. టిక్కులన్నీ నిజమే, ఎవరూ అబద్ధం రాయలేదు. కానీ ఆ ఫారం తయారైంది బండి అమ్మకానికి సిద్ధంగా ఉందో లేదో చూడటానికి. కొనేవాళ్లు ఇంకో పదేళ్లు దాంట్లో ఉండగలరా అన్నది దాని ప్రశ్న కాదు.

రెండోది, బండి అక్కడికి ఎలా వచ్చిందో అడగండి. మార్పిడిలో వచ్చి ఉండొచ్చు, వేలంలో కొని ఉండొచ్చు. కొన్నిసార్లు బండి డీలర్‌ది కూడా కాదు, ఓనర్ తరఫున కమీషన్‌కి అమ్ముతుంటారు. అలాంటప్పుడు మీరు కొంటున్నది కూడా ఒక ఓనర్ దగ్గరే, మధ్యలో ఒక షోరూమ్ ఉందంతే. వేలంలో వచ్చినదైతే దాని గతం డీలర్‌కి కూడా తెలియదు.

మూడోది చాలామందికి తట్టదు. మోటర్‌హోమ్ అంటే ఒక లారీ, దాని మీద ఒక ఇల్లు. కింది చాసిస్ ఫోర్డో, ఫియట్టో, మెర్సిడెస్సో చేస్తుంది, పైన ఇల్లు ఇంకో కంపెనీ కడుతుంది. ఫ్రిజ్, హీటర్, గ్యాస్ స్టవ్ మరికొందరివి. రీకాల్స్, అంటే లోపం బయటపడి కంపెనీ బాగుచేయడానికి వెనక్కి పిలిచేవి, చాసిస్‌కి వేరు, ఇంటికి వేరు, రెండూ విడివిడిగా చూడాలి. ఇల్లు ఒక ఏడాది మోడల్ అయితే చాసిస్ అంతకుముందు ఏడాదిది కావడం మామూలే. ఇంజన్ బాగుందని బండి బాగున్నట్టు కాదు. ఈ బండ్లు తిరగడం కన్నా నిలబడి ఉండటం వల్లే ఎక్కువ పాడవుతాయి.

సుధాకర్ గారన్నట్టు కాగితాల పని, లోన్ డీలర్ దగ్గర సులువే, దాన్ని కాదనను. కానీ బండి అమ్మితే ఎంత మిగులుతుందో, ఫైనాన్స్ గదిలో లోన్ వడ్డీ మీద, వారంటీల మీద, టైరు ప్రొటెక్షన్ లాంటి వాటి మీద కూడా అంత బాగానే మిగులుతుంది. ఆ గదిలోకి వెళ్లే ముందే మీ బ్యాంకు నుంచి ఒక రేటు తెచ్చుకోండి.

గీత_ఎం

మేము ఓనర్ దగ్గర కొన్నాం. మా నిర్ణయానికి కారణం బండి కాదు, ఆవిడ చూపించిన నోట్‌బుక్. ఏ తేదీన ఆయిల్ మార్చారు, రూఫ్ మీద సీలెంట్ ఎప్పుడు వేశారు, చలికాలం ముందు పైపుల్లో నీళ్లు ఎప్పుడు తీశారు, అన్నీ ఆవిడ చేతిరాతలో ఉన్నాయి. ఒకచోట "వెనక టాంకు వాల్వ్ కారుతోంది, మార్చాలి" అని రాసి ఉంది. మార్చలేదని ఆవిడే చెప్పింది. లోపం తనంతట తాను చెప్పిన మనిషి దగ్గర కొనడం నాకు ధైర్యంగా అనిపించింది. డీలర్ దగ్గర సేల్స్‌మన్ ఆ బండిలో ఒక్క రాత్రి కూడా పడుకుని ఉండడు.

సుధాకర్_వి

గీత గారూ, అందరు ఓనర్లూ ఆవిడలా ఉండరండీ. నోట్‌బుక్ లేని ఓనర్లే ఎక్కువ. పైగా అమ్మేశాక ఓనర్ ఫోన్ ఎత్తకపోతే ఏం చేస్తారు? డీలర్ దగ్గర కొన్నవాళ్లకి సర్వీస్‌లో ముందు చోటు ఇస్తారు, బయట కొన్న బండిని సీజన్‌లో నెలల తరబడి తీసుకోని చోట్లు ఉన్నాయి. మాకు ఒకసారి దారిలో స్లైడవుట్ ఇరుక్కుపోతే వాళ్ల ఇంకో బ్రాంచీలో రెండు రోజుల్లో చేసిచ్చారు. దానికి విలువ లేదంటారా?

సర్వీస్‌బే

ఉంది. నేను పనిచేసిన చోటా ఆ వరస ఉండేది, మా దగ్గర కొన్నవాళ్లకే ముందు. కాకపోతే అది నోటి మాటగా ఉంటే చాలదు, అన్ని బ్రాంచీలకూ వర్తిస్తుందని రాయించుకోవాలి.

ప్రసన్న_కె

అందరికీ చాలా థాంక్స్. సర్వీస్‌బే అన్నా, మరి ఇప్పుడు నేనేం చేయాలి? రెండు బండ్లూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి.

సర్వీస్‌బే

అమ్మా, సొంతంగా పనిచేసే మోటర్‌హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి, డీలర్ చెప్పిన మనిషిని కాదు. మంచివాడైతే ఒక పూట కాదు, దాదాపు రోజంతా పడుతుంది. తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్‌తో ప్రతి గోడా, ప్రతి మూలా చూస్తాడు. గ్యాస్ లైన్‌కి ప్రెషర్ పరీక్ష చేస్తాడు. ఇంజన్ ఆయిల్, కూలెంట్ శాంపిల్స్ ల్యాబ్‌కి పంపుతాడు. అడ్వాన్స్ కట్టాల్సి వస్తే "తనిఖీలో తృప్తి లేకపోతే పూర్తిగా వాపసు" అని రాయించుకున్నాకే కట్టండి. ఇన్‌స్పెక్టర్‌ని లోపలికి రానివ్వం అని వాళ్లంటే, ఎంత పెద్ద డీలర్ అయినా సరే, వచ్చేయండి.

ఈలోపు మీరే చూడగలిగేవి ఉన్నాయి. టైరు పక్క గోడ మీద కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 3517 అంటే 2017లో 35వ వారంలో తయారైందని. కొన్ని టైర్లకి ఆ అంకెలు లోపలి వైపే ఉంటాయి, కిందికి దూరి ఫోన్ లైట్ వేసి చూడాలి. మోటర్‌హోమ్ టైరు అరగకముందే ముసలిదవుతుంది. ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోమని, పదేళ్లు దాటితే పైకి బాగున్నా మార్చేయమని టైరు కంపెనీలే చెబుతాయి. పాతబడ్డ ముందు టైరు హైవే మీద పేలితే ఇంత బరువున్న బండిని నిలబెట్టడం చాలా కష్టం. ఇది మాత్రం అస్సలు వదలొద్దు.

ముందు రోజే ఫోన్ చేసి ఫ్రిజ్ ఆన్ చేసి ఉంచమనండి. గ్యాస్‌తో కూడా నడిచే రకమైతే చల్లబడటానికి రాత్రంతా పడుతుంది, మీరు వెళ్లాక ఆన్ చేస్తే ఏమీ తెలియదు. బయటి వైపు ఫ్రిజ్ వెనక మూత తీసి చూడండి, పసుపు రంగు పొడి కనిపిస్తే కూలింగ్ యూనిట్ లీక్ అయినట్టే.

తర్వాత బయటి కరెంటు తీయించండి. షోరూమ్‌లో బండి ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది, బ్యాటరీలు చచ్చిపోయినా లైట్లు దేదీప్యమానంగా వెలుగుతాయి. ప్లగ్ తీసి రెండు మూడు గంటలాగి వోల్టేజ్ చూస్తే, మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.0కి దిగిందంటే అడుగంటుతున్నట్టు. జనరేటర్‌ని ఏసీ లోడ్ పెట్టి అరగంటైనా నడపమనండి. తొమ్మిదేళ్లలో మరీ తక్కువ గంటలు తిరిగిందంటే మురిసిపోకండి, పెట్రోల్‌దైతే వాడకుండా వదిలేస్తే లోపల ఇంధనం జిగురుగా మారి కార్బురేటర్ పట్టేస్తుంది.

నిచ్చెన ఉంటే రూఫ్ ఎక్కండి. లేకపోతే బండి పక్కన, గోడకి చెంప ఆనించినట్టు నిలబడి వెలుతురు పడే వైపుకి చూడండి. గోడ ఎక్కడైనా పొంగినట్టు, అలలా కనిపిస్తే లోపల నీరు చేరి పొరలు విడిపోయాయి. దాన్ని బాగు చేయించడం మామూలు ఖర్చు కాదు.

రహదారి_నేస్తం

మేము కొనేటప్పుడు ఈ ఒక్క పోస్ట్ చదివి ఉంటే బాగుండేది.

ప్రసన్న_కె

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని, రెండు బండ్లకీ ఒకే ఇన్‌స్పెక్టర్‌ని పెట్టాం. డీలర్ వాళ్లు ముందు "మా తనిఖీ సరిపోతుంది" అన్నారు. మావారే గట్టిగా నిలబడి ఒప్పించారు.

డీలర్ బండిలో ఇంజన్, జనరేటర్ బ్రహ్మాండం. కానీ డ్రైవర్ సీటు పైనున్న పడక మూలలో మీటర్ పెట్టగానే మోగింది. మిగతా గోడల్లో 10 లోపు చూపించినది అక్కడ 30 దాటింది. పరుపు ఎత్తితే ప్లైవుడ్ మీద గోధుమరంగు వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి. టైర్లు బండితో వచ్చినవే. టైర్లు మార్చిస్తామన్నారు, గోడ సంగతి రాసివ్వమంటే కుదరదన్నారు. అడ్వాన్స్ వాపసు షరతు రాయించుకున్నాం కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది.

పెద్దాయన బండి కూడా పూర్తిగా బాగా లేదు. బ్యాటరీలు పోయాయి, ఫ్రిజ్ కరెంటు మీద నడుస్తోంది కానీ గ్యాస్ మీద వెలగడం లేదు. టైర్లు ఆరేళ్లవి. అయితే రూఫ్, గోడలు అన్నీ పొడిగా ఉన్నాయి. రిపోర్ట్ ఆయనకే చూపించాం. ఫ్రిజ్ సంగతి తనకి తెలియదని, ఎప్పుడూ ప్లగ్‌లో పెట్టే వాడానని అన్నారు. ఆ మేరకు ధర తగ్గించారు.

సుధాకర్_వి

మంచి పని చేశారు. నా మాట మాత్రం మార్చుకోను, డీలర్ బండి అంతా పొడిగా తేలి ఉంటే మీరు అక్కడే కొనేవారు, అది తప్పయ్యేది కాదు. సరే, పెద్దాయన బండి మీద లోన్ ఉందా లేదా చూశారా?

సర్వీస్‌బే

సుధాకర్ గారు సరిగ్గా అడిగారు. అది తేలకుండా డబ్బు ఇవ్వకండమ్మా. చాసిస్ నంబర్ కాగితం మీద, బండి మీద ఒకటేనో కాదో మీ కళ్లతో చూడండి.

ప్రసన్న_కె

కొద్దిగా మిగిలి ఉందట అన్నా. అందుకే గురువారం ఆయన బ్యాంకులోనే కలుస్తున్నాం. మా డబ్బులో బాకీ మేరకు నేరుగా బ్యాంకుకి, మిగతాది ఆయనకి, కాగితాలు అక్కడే మా పేరు మీదికి. చాసిస్ నంబర్ నిన్నే వెళ్లి చూసుకున్నాం, ఒకటే. ఆయన రూఫ్ మీద సీలెంట్ ఎలా వేయాలో మావారిని పైకి ఎక్కించి ఒక గంట చూపించారు.