డీకేటీ భూమి అమ్ముకునే హక్కు పేదకు మేలా, కీడా?

పుత్తూరు రైతు: డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి; దాన్ని అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం కట్టడి చేసింది. 20 ఏళ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కు ఇస్తూ 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని సవరించారు. 2024లో ప్రభుత్వం మారాక, అక్రమాలు జరిగాయంటూ ఆ రిజిస్ట్రేషన్లను ఆపేశారు. ఇది అన్యాయమని నా వాదన. పక్క చేను ఆసామి ఆపదకు అర ఎకరా అమ్ముకొని గట్టెక్కుతుంటే, దళితవాడ రైతును మాత్రం రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితా చూపించి వెనక్కి పంపడం ఏం మర్యాద? ఆ భూమి మీద అప్పు కూడా పుట్టదు.

పాకాల వాసి: మర్యాద గురించి మీరన్నది కాదనలేను. అప్పు మాట మాత్రం సరికాదు. సహకార సంఘంలోనో షెడ్యూల్డు బ్యాంకులోనో తాకట్టు పెట్టుకోవడానికి ఆ 1977 చట్టమే వీలిచ్చింది, ఇవ్వనిది మేనేజరు.

మా నాయనకు ఎకరా ఇరవై సెంట్ల డీకేటీ పట్టా ఉంది. బోరు కోసం ఊళ్లో ఒకాయన దగ్గర చేసిన అప్పు తీరక, ఆ బోరులో నీళ్లూ పడక, ఇప్పుడు చేను ఆయనే దున్నుకుంటున్నాడు. ఊరి సాగు రికార్డు అడంగల్ తీయిస్తే పట్టాదారు గడిలో మా నాయన పేరు, అనుభవదారు గడిలో ఆయన పేరు ఉంటాయి. పట్టా కాగితం మాత్రం మా ట్రంకు పెట్టెలో, ఎరువుల సంచి కత్తిరించి కుట్టిన కవరులో భద్రంగా ఉంది. అమ్ముకోవచ్చని రేపు చట్టం చెబితే, దస్తావేజు రాయించుకొని మా గడప తొక్కే మొదటి మనిషి ఆయనే. మాకు దక్కేది పాత బాకీ చెల్లు. పేదల భూసమస్యలపై ప్రభుత్వం వేసిన కోనేరు రంగారావు భూకమిటీ సిఫార్సులు అమలు చేయాలని, ఇళ్ల స్థలాలివ్వాలని అడిగిన ఉద్యమంలోనే 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వాళ్లు అడిగింది భూమి చేతికి రావాలని.

పుత్తూరు రైతు: మీ చేను విషయంలో ఒప్పుకుంటాను. అయితే రెండు గడుల్లోనూ ఒకే పేరున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. మీకు కాపలా కాయడానికి వాళ్లను ఎన్నాళ్లు ఆపుతారు?

పాకాల వాసి: వాళ్లకు ఆ హక్కు ఇవ్వాలనే అంటాను. ముందు సర్వేయరు చేలోకి దిగి కొలిచి, నిజంగా దున్నుతున్నది ఎవరో రాయాలి. మాలాంటివాళ్ల భూమి మాకు అప్పగించాలి. రిజిస్ట్రేషన్ ఆ తర్వాతే. ఇంకొక షరతు కూడా పెడతాను: పట్టాలో ఇల్లాలి పేరు ఉండాలి, ఆమె సంతకం లేకుండా అప్పు పుట్టకూడదు. మా అమ్మ అప్పుడే ఆ బోరు వద్దంది.