తడిచెత్త ఇంట్లోనే వేరు చేయాలా, బయోగ్యాస్ ప్లాంట్‌లో మెషిన్ చూసుకుంటే చాలదా?

నీలిమంట: నా ఓటు మెషిన్‌కే. కలిసొచ్చిన చెత్తని హ్యామర్ మిల్లులో నలగ్గొట్టి, 12 మి.మీ. జల్లెడ దాటించి, నీళ్లు కలిపి ఘనపదార్థం 10 శాతానికి తెస్తే డైజెస్టర్‌కి (గాలి తగలకుండా కుళ్లబెట్టి గ్యాస్ తీసే ట్యాంకుకి) సిద్ధం. జనం శ్రద్ధని నమ్ముకుని ప్లాంటు నడపలేం.

మట్టివాసన: హ్యామర్ మిల్లు చెత్తలోని ప్లాస్టిక్ కవర్‌ని తీసేయదండీ, ముక్కలు చేస్తుంది. నిండు కవర్‌ని చేత్తో ఏరేయొచ్చు. 3 మి.మీ. ముక్కయ్యాక మీ జల్లెడలోంచి దర్జాగా దిగి, స్లర్రీతో (గ్యాస్ తీశాక మిగిలే చిక్కటి ద్రవంతో) పాటు పొలానికే పోతుంది.

నీలిమంట: జల్లెడ 8 మి.మీ.కి తగ్గిస్తే సరి.

మట్టివాసన: ఇంకా చెడుతుంది. కన్ను చిన్నదైతే సరుకు మిల్లులో ఎక్కువసేపు తిరుగుతుంది, ప్లాస్టిక్ మరింత సన్నబడుతుంది.

రాత్రిషిఫ్ట్: మిల్లు బదులు నిదానంగా తిరిగే తెడ్లతో సంచులు చింపి, స్క్రూ ప్రెస్‌లో పిండండి. గుజ్జు రంధ్రాల్లోంచి కారుతుంది, కవర్ చాలావరకు అవతలి కొస నుంచి వస్తుంది. ఆ కొస నుంచి వచ్చే రిజెక్ట్ పొడిగా రావాలని ప్రెషర్ పెంచారో, ప్లాస్టిక్ కూడా గుజ్జులోకి దూరుతుంది. తగ్గిస్తే గుజ్జే రిజెక్ట్‌లో పోతుంది.

పంపుడాక్టర్: పంపుకి ముందు రాళ్లు ఆపే ట్రాప్ పెట్టారా? స్క్రూ పంపు స్టేటర్ (స్క్రూ చుట్టూ ఉండే గొట్టం) రబ్బరు ఇసుకకి అరిగిపోతుంది.

చిరుజల్లు: కంపోస్టబుల్ (కుళ్లి ఎరువయ్యే) సంచులు వాడితే గొడవే లేదుగా?

రాత్రిషిఫ్ట్: అలాంటి పీఎల్‌ఏ (మొక్కల పిండిపదార్థంతో చేసే ప్లాస్టిక్) సంచి డైజెస్టర్‌లో 37 డిగ్రీల్లో పాతిక రోజులున్నా దాదాపు సంచిలాగే ఉంటుంది. పైకి తేలి తెట్టు కడుతుంది, మిక్సర్ రెక్కలకి చుట్టుకుంటుంది.

నీలిమంట: అందరూ సంచి పట్టుకు వేలాడుతున్నారు. గుడ్డుపెంకుల మాటేమిటి? ఇంట్లో వేరు చేసినా అవి తడిచెత్తలోనే వస్తాయి. 1000 ఘనపు మీటర్ల ట్యాంకు అడుగున 200 పేరుకుంటే, రోజుకి 40 పోసేచోట 25 రోజుల నిల్వ 20కి పడిపోతుంది. సుడి తిప్పి బరువైన పెంకుల్ని వేరుచేసే హైడ్రోసైక్లోన్ ఎలాగూ తప్పనప్పుడు ఇంటికి రెండు బకెట్లు ఎందుకు?

మట్టివాసన: పెంకు గురించి ఇక్కడ ఎవరు వాదించారు? పెంకు సున్నం, మట్టిలో కలుస్తుంది. కలిసొచ్చే చెత్తలో బ్యాటరీ సెల్స్ ఉంటాయి. వాటిలోంచి కరిగిన లోహాన్ని మీ హైడ్రోసైక్లోన్ పట్టదు.

నీలిమంట: మాటకి ముందొకసారి పొలం, వెనకొకసారి పొలం! ఇది గ్యాస్ ప్లాంటా, ఎరువుల కొట్టా? డైజెస్టర్‌లో ఆమ్లాలకీ ఆల్కలినిటీకీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తికీ) నిష్పత్తి 0.3 దగ్గరుంటే చాలు, సూక్ష్మజీవులకి కవర్ ముక్కతో పనిలేదు.

మట్టివాసన: ఇదన్నమాట సంగతి! గ్యాస్ రాగానే మీ లెక్క ముగిసింది. టన్ను తడిచెత్తలో గ్యాసై పోయేది ఇంచుమించు 100–150 కిలోలు. మిగిలిన 850–900 కిలోలు, మీరు కలిపిన నీళ్లతో సహా, ఎక్కడ పోస్తారు సార్?

నీలిమంట: నీళ్లు పిండి, ముద్ద ఆరబెట్టి కాల్చేస్తాం. పిండిన నీళ్లు మళ్లీ చెత్తలో కలపడానికే వాడతాం.

రాత్రిషిఫ్ట్: ఎన్నాళ్లు? అమ్మోనియా అందులోనే ఉంటుంది. తిప్పినకొద్దీ పెరిగి లీటరుకి 3 గ్రాములు దాటితే మీథేన్ తగ్గడం మొదలవుతుంది.

నీలిమంట: కొంత బయటికి వదిలి కొత్త నీళ్లు కలుపుకోవాలి.

మట్టివాసన: బయటికంటే ఎక్కడికి?

పంపుడాక్టర్: రాళ్ల ట్రాప్ పెట్టారో లేదో ఇంకా చెప్పలేదు.