ఫోటో ఎడిటింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్? నెలనెలా కట్టేదా, ఉచితమా?

గోదారి గట్టు
రాజమండ్రి నుంచి. నా దగ్గర నికాన్ డి5600, 70-300 లెన్స్ ఉన్నాయి. సెలవు దొరికితే తెల్లారేసరికి ఆటపాకలో ఉంటాను, పెలికాన్ల కోసం. మిగతావన్నీ ఇంట్లో పిల్లలు, ఊళ్ళో తీర్థాలు. ఇన్నాళ్ళూ జేపెగ్‌లోనే తీశాను, ఈమధ్యే రా (కెమెరా తను రంగులు దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైలు) మొదలుపెట్టాను. లాప్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అడిగేవి మూడు. నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ సరదాకి తీసుకునేవాడికి అవసరమా? పాత ఫోటోలు నాలుగైదు హార్డ్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి, వాటిని ఒక దారికి తెచ్చేదెలా? ఫోటో మీద తెలుగులో రాస్తే ఒత్తులు ఊడిపోతున్నాయి, దానికేం చేయాలి?

ముహూర్తం క్లిక్స్
అడోబీ వాళ్ళ లైట్‌రూమ్ తీసుకోండి, నెలనెలా కట్టేదే అయినా ఇంక చర్చ అనవసరం. నేను చేసేది పెళ్ళిళ్ళు. మంటపంలో ఒక పక్క పసుపు బల్బులు, ఇంకో పక్క వీడియో లైటు. ఒక్క ఫోటోకి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగు సరిచేయటం) కుదిర్చి, అదే వెలుతురులో తీసిన తలంబ్రాల ఫోటోలన్నిటికీ సింక్ కొడితే పని అయిపోతుంది. ఆల్బమ్ డిజైన్‌కి ఫోటోషాప్. ఫిల్మ్ రోళ్ళ రోజుల నుంచి ఈ ఫీల్డులో ఉన్నాను, ఇంతకంటే వేగంగా పని తెమిల్చేది చూడలేదు.

నాగావళి
ఆయన అడిగింది సరదాకి తీసుకునేవాళ్ళ సంగతి. మీకు ఒక్క ఆర్డరు వస్తే ఏడాది చందా వచ్చేస్తుంది, మాకు ఎక్కడి నుంచి వస్తుంది? ఉద్యోగం లేని రోజుల్లో నెలనెలా కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆపేయాల్సి వచ్చింది. అప్పటికి మా నాన్న షష్టిపూర్తి ఫోటోలు సగం ఎడిటింగ్‌లో ఉన్నాయి. స్లైడర్లన్నీ బూడిద రంగులోకి పోయాయి, ఒక్కటీ కదల్లేదు. ఫోటోలు నావి, చేసిన పని నాది, తాళం మాత్రం వేరేవాళ్ళ దగ్గర. ఆనాటి నుంచి చందా అంటే నాకు పడదు.

గోల్కొండ రా
లైట్‌రూమ్ వరకు ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. చందా ఆగితే డెవలప్, మ్యాప్ మాడ్యూళ్ళు మూతపడతాయి. లైబ్రరీ తెరుచుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ పనిచేస్తుంది, అసలు ఫైళ్ళు మన డిస్కులోనే ఉంటాయి. మనం చేసిన మార్పులు లైట్‌రూమ్ సొంత ఖాతా పుస్తకం లాంటి కేటలాగు ఫైలులో ఉంటాయి కాబట్టి చందా ఆపేముందు ఫోటోలన్నీ ఎంచుకుని కంట్రోల్ ఎస్ కొట్టాలి. అప్పుడు ప్రతి రా పక్కన ఆ మార్పులు రాసి ఉన్న ఒక ఎక్స్‌ఎంపీ ఫైలు వస్తుంది. క్రాప్, ఎక్స్‌పోజర్ లాంటి కొన్ని మార్పులను డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులోంచి చదువుకుంటుంది. అన్నీ రావు. ఒక్కసారి డబ్బిచ్చి కొనుక్కునే లైట్‌రూమ్ 2015లో వచ్చిన 6తోనే ఆఖరు.

హన్మకొండ హంటర్
గింత లొల్లి ఎందుకన్నా. మా దోస్తులందరు పైసల్ కట్టకుండ నడిచే క్రాక్ ఏసుకున్నోళ్ళే, ఎవనికీ ఏం గాలె. లింక్ కావాల్నంటే మెసేజ్ పెట్టు.

బెంజ్ సర్కిల్ 50ఎంఎం
దయచేసి ఆ లింకులు ఎవరికీ ఇవ్వకండి. మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి అలాంటిదే వేసిచ్చాడు. యాంటీవైరస్ ఆపితేగానీ ఎక్కదని తనే ఆపాడు. వారం తిరక్కుండా ప్రతి ఫైలు పేరు చివర కొత్తగా నాలుగు అక్షరాలు వచ్చి చేరాయి. ఒక్క ఫోటో తెరుచుకోలేదు. డబ్బు కడితే విడిపిస్తామని ప్రతి ఫోల్డర్లో ఒక టెక్స్ట్ ఫైలు! బ్యాకప్ డిస్కు కూడా అప్పుడు లాప్‌టాప్‌కే తగిలించి ఉంది, అదీ పోయింది. మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు ఇప్పుడు మా దగ్గర ఒక్కటీ లేవు. "ఎవనికీ ఏం గాలె" అనే మాట నా ముందు అనకండి.

హన్మకొండ హంటర్
నీకైందని అందరికైతదా? చదువుకునేటోళ్ళం, నెలనెలా ఏడికెల్లి కట్టాలె? కెమెరా ఈఎమ్‌ఐనే ఇంక అయిపోలె.

ముహూర్తం క్లిక్స్
ఈఎమ్‌ఐ నాకూ ఉంది తమ్ముడూ. నేను బిల్లు కట్టి పనిచేస్తుంటే, క్రాక్ పెట్టుకున్నవాడు సగం రేటుకి పెళ్ళి ఒప్పుకుంటున్నాడు. ఎవరి పొట్ట కొడుతున్నారో ఆలోచించుకోండి.

హన్మకొండ హంటర్
నేను ఒక్క పెండ్లి తియ్యలె, ఒక్క రూపాయి తీస్కోలె. ఎవని మీదనో కోపం నా మీద ఎందుకు తీస్తున్నవ్?

గోల్కొండ రా
ఇద్దరూ ఆగండి. తమ్మీ, పైసా ఇయ్యకుండా న్యాయంగా దొరికేవే ఇన్ని ఉన్నయి. డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్. ఫోటోషాప్ లాంటి అఫినిటీని 2024లో క్యాన్వా కొన్నది, 2025 అక్టోబరు నుంచి అది కూడా ఉచితమే, క్యాన్వా ఖాతా తెరవాలి అంతే. నేను వాడేది డార్క్‌టేబుల్. సద్దుల బతుకమ్మ నాడు ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్ల కింద తీసిన బంతిపూలు జేపెగ్‌లో నారింజ ముద్దలా వచ్చాయి, రేకు రేకుకి తేడా లేదు. అదే ఫోటో రా ఫైలు తెరిచి, ఎక్స్‌పోజర్ దించి, సిగ్మాయిడ్ అనే మాడ్యూల్‌తో పనిచేస్తే ప్రతి పువ్వు మధ్యలో నీడ బయటపడింది. తంగేడు పసుపు తంగేడులాగే, బంతి నారింజ బంతిలాగే నిలబడ్డాయి.

ముహూర్తం క్లిక్స్
కెమెరాలో రంగులు ముదురుగా చూపే వివిడ్ పెట్టి జేపెగ్ తీస్తే ఆ తిప్పలే ఉండవు. డార్క్‌టేబుల్ తెరిచానొకసారి. ఎంత వెతికినా అయిపోని మాడ్యూళ్ళు, ఫోటో చూస్తే ప్రాణం లేనట్టు ఉంది.

గోల్కొండ రా
వివిడ్ పెట్టినందుకే బంతిపూలు ముద్దయ్యేది! ఎరుపు ఛానెల్ ముందు నిండిపోతుంది, నిండాక అక్కడ వివరం ఉండదు. జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కి 256 మెట్లు, డి5600 ఇచ్చే 14 బిట్ రాలో 16,384 మెట్లు. పూలు, పట్టుచీరలు, కుంకుమ తీసే మనవాళ్ళకి ఈ తేడా అందరికంటే ఎక్కువ అవసరం. సిగ్మాయిడ్‌లో హ్యూ, అంటే రంగు ఛాయ, కాపాడే స్లైడర్ తగ్గిస్తే వెలుగు తగిలిన నారింజ పసుపు వైపు జారుతుంది. పెంచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ముహూర్తం క్లిక్స్
నాకు హ్యూ గురించి పాఠం అక్కర్లేదు. నా ఆల్బమ్‌లు చూసి మాట్లాడండి.

గోల్కొండ రా
ఆల్బమ్ బాగుండటం వేరు, జేపెగ్‌లో తెగిపోయిన రంగు వెనక్కి రావటం వేరు. రెండోది మీరైనా, నేనైనా తేలేం.

హెడ్‌మాస్టారు
బాబూ, అసలు అడిగినతనిది నికాన్ అన్న సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. ఎన్‌ఎక్స్ స్టూడియో అని నికాన్ వాళ్ళదే ఉంది, 2021లో వచ్చింది, ఉచితం. కెమెరాలో పెట్టిన పిక్చర్ కంట్రోల్ (వివిడ్ లాంటి రంగుల సెట్టింగు) అందులో అలాగే కనిపిస్తుంది. కలర్ కంట్రోల్ పాయింట్ అని ఒకటుంది. పక్షి మెడ మీద పెడితే ఆ రంగు ఉన్నంత మేరే వెలుగు మారుతుంది, వెనక నీళ్ళు కదలవు. ఒక్క జాగ్రత్త. చేసిన మార్పులన్నీ ఫోటోల పక్కనే ఎన్‌కేఎస్‌సీ పరామ్ అనే ఫోల్డర్లో దాచుతుంది. ఫోటోలు వేరే డిస్కుకి మారిస్తే ఆ ఫోల్డర్ని కూడా పట్టుకెళ్ళాలి. డెబ్బై దాటిన వయసులో నేను నేర్చుకున్నాను, మీకెంతసేపు.

ఉప్పలపాడు ఉదయం
మాస్టారూ, నమస్కారం. అయితే పక్షుల ఫోటోలకి అసలు బాధ నాయిస్, అంటే తక్కువ వెలుతురులో వచ్చే గరుకు చుక్కలు. తెల్లవారుజామున ఐఎస్ఓ 3200 దాటాల్సిందే. గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్ అంటే నేను రాథెరపీ చెబుతాను, అది పని మొత్తం ప్రాసెసర్ మీదే చేస్తుంది. అందులో క్యాప్చర్ షార్పెనింగ్ ఒక్కటి వేసి చూడండి, కంటి చుట్టూ చర్మం ముడతలు తేలతాయి. డార్క్‌టేబుల్‌లో డిఫ్యూజ్ ఆర్ షార్పెన్ అనే మాడ్యూల్ ఆ లాప్‌టాప్‌లో వేస్తే టీ తాగి వచ్చినా అవ్వదు. లైట్‌రూమ్‌కి 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ కూడా అంతే, మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో ఫోటోకి నిమిషాలు పడుతుంది.

ఇంకోటి. వెలుగెక్కువై పెలికాన్ తెలుపు తెగిపోతే ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ఎండ పైకొచ్చాక ఎక్స్‌పోజర్ రెండు క్లిక్కులు కిందికి దించి తీయండి, నీడలు తర్వాత లేపుకోవచ్చు.

నాగావళి
ఆటపాకలో ఇప్పుడు పిల్లలు గూళ్ళలో ఉన్నాయా? బోటు ఎన్నింటికి మొదలవుతుంది?

ఉప్పలపాడు ఉదయం
బోటు ఎక్కితే వణుకు తప్పదు, గట్టు మీద నుంచి తీయటమే మేలు. గూళ్ళకి దగ్గరగా పోనివ్వమని బోటతన్ని బతిమాలేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. తల్లి లేచిపోతే పిల్లలు ఎండలో మాడిపోతాయి.

అక్షరాల అరుగు
తెలుగు రాత సంగతి నేను చెబుతాను. గింప్‌లో యూనికోడ్ తెలుగు నేరుగా రాసుకోవచ్చు, ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ కూర్చుంటాయి. మండలి, రామభద్ర ఫాంట్లు పెట్టుకోండి, రెండూ ఉచితమే. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో ఫిల్టర్లు విడిగా నిలుస్తాయి కాబట్టి అక్షరాల కింద నీడని తర్వాతైనా మార్చుకోవచ్చు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి, లేకపోతే "స్త్రీ" మూడు ముక్కలవుతుంది. అందరూ అను ఫాంట్లకి పోతారు, నాకు మాత్రం నచ్చదు. అవి యూనికోడ్ కావు, ఆ అక్షరాలను కాపీ చేసి ఇంకెక్కడ పెట్టినా చెత్తగా కనిపిస్తాయి.

ముహూర్తం క్లిక్స్
శుభలేఖల డిజైన్లన్నీ అనులోనే నడుస్తున్నాయి. ఆ అందం యూనికోడ్ ఫాంట్లకి ఎక్కడిది?

అక్షరాల అరుగు
రామభద్రని పెద్ద సైజులో పెట్టి చూశాక ఆ మాట అనండి.

గోదారి గట్టు
అందరికీ ధన్యవాదాలు. ముందు ఎన్‌ఎక్స్ స్టూడియో, నాయిస్ ఉన్నవాటికి రాథెరపీ, రాతలకి గింప్ అనుకుంటున్నాను. మాస్టారు చెప్పిన కంట్రోల్ పాయింట్ నిన్న రాత్రే వాడాను, చాలా బాగుంది. కానీ ప్రింటు వేయిస్తే స్క్రీన్ మీద కంటే చీకటిగా వచ్చింది. ఇది సాఫ్ట్‌వేర్ లోపమా, ల్యాబ్ లోపమా?

ముహూర్తం క్లిక్స్
రెండూ కాదు. లాప్‌టాప్ వెలుగు ఫుల్ పెట్టి ఎడిట్ చేసి ఉంటారు. బాగా తగ్గించి, తెల్ల కాగితం స్క్రీన్ పక్కన పట్టుకుని సరిపోల్చండి. ఫైలు ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో పంపండి. ముందు చిన్న సైజు ప్రింటు ఒకటి వేయించుకోండి.

బెంజ్ సర్కిల్ 50ఎంఎం
నా దగ్గర స్క్రీన్ రంగులు సరిచేసే స్పైడర్ కాలిబ్రేటర్ ఉంది. విజయవాడ వైపు వస్తే లాప్‌టాప్ తెచ్చుకోండి, పది నిమిషాల పని.

నాగావళి
శ్రీకాకుళం నుంచి నేనూ వస్తే చేస్తారా? నాది డెస్క్‌టాప్ మానిటర్.

బెంజ్ సర్కిల్ 50ఎంఎం
మానిటర్ మోసుకు రాకండి. మా తమ్ముడు వచ్చే నెల విశాఖ వెళ్తున్నాడు, కాలిబ్రేటర్ అతని చేత పంపిస్తాను, అక్కడ తీసుకోండి.