ఓజోన్ తగ్గించడానికి సిటీ చేతిలో నిజంగా ఏముంది? (అమెరికా, టెక్సస్‌లోని డాలస్–ఫోర్ట్‌వర్త్)

ఉత్తర_డెంటన్:
మా సిటీ పర్యావరణ సలహా కమిటీలో ఈ ఏడాది ఓజోన్ (నేలదగ్గర ఊపిరికి చేటు చేసే వాయువు) తగ్గించే ప్లాన్ రాయాలి. చెట్లు నాటడం, కార్‌పూల్ పోస్టర్లు, వాసన రాని పెయింట్లు వాడడం దాకా వచ్చి ఆగాం. వీటివల్ల ఓజోన్ తగ్గుతుందా? అసలు ఊరి మధ్యకన్నా మా డెంటన్ వైపే రీడింగులు ఎందుకెక్కువ?

గాలివాటు:
ముందు రెండో ప్రశ్న తేలాలండీ, మొదటిదానికి జవాబు అందులోనే ఉంది. ఓజోన్ ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. ఇంజన్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోల్, పెయింట్ల వంటివాటి నుంచి లేచే కర్బన ఆవిర్లు ఎండలో కలిసి కొన్ని గంటలకు తయారవుతుంది. వేసవిలో ఇక్కడ గాలి ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది. పొద్దున డాలస్ రోడ్లమీద వదిలిన పొగ మధ్యాహ్నానికి వాయవ్యాన కెల్లర్, గ్రేప్‌వైన్, డెంటన్ మీద ఓజోన్‌గా మారుతుంది. డౌన్‌టౌన్‌లో అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది, అందుకే అక్కడ తక్కువ.

ఇక శివార్లలో ఓక్ చెట్లే ఐసోప్రీన్ అనే కర్బన ఆవిరి బోలెడు వదులుతాయి. కర్బన ఆవిర్లకు కొదవ లేనిచోట పెయింట్లు మార్చి సాధించేది స్వల్పం. నైట్రోజన్ ఆక్సైడ్లు, అంటే ముఖ్యంగా డీజిల్, తగ్గాలి. చెట్లు నీడకోసం తప్పక నాటండి, ఓజోన్ పద్దులో మాత్రం రాయకండి.

ఇంకోటి. ఓజోన్‌కు 2015 కేంద్ర ప్రమాణం 70 పీపీబీ (గాలిలో వందకోట్ల పాళ్లకు 70 పాళ్లు). దాన్ని చూసేది ఏడాది సగటుతో కాదు. రోజువారీ గరిష్ఠ 8 గంటల సగటుల్లో ఏటా నాలుగో పెద్దది తీసి, మూడేళ్లకు సగటు కడతారు. కాబట్టి గాలి కదలని ఎండరోజులు నాలుగైదు చాలు ఊరి లెక్క తప్పడానికి.

డీజిల్_లెక్క:
సిటీ అధికారంలో ఉన్నవాటిలో మొదటిది ఐడ్లింగ్ నిబంధన. 14,000 పౌండ్లు దాటిన వాహనం ఇంజన్ ఊరికే 5 నిమిషాలకు మించి ఆన్‌లో ఉంచకూడదు. దీన్ని అమలు చేయాలంటే సిటీ ముందుగా టీసీఈక్యూ (టెక్సస్ పర్యావరణ కమిషన్)తో ఒప్పందం చేసుకోవాలి. చాలాచోట్ల బెడిసేది ఆ తర్వాతే: ఆర్డినెన్స్ పాసవుతుంది, జరిమానా రాసే మనిషిని ఎవరూ పెట్టరు. కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్లకు అప్పగించి, గోదాముల డాక్‌లు, స్కూల్ బస్సుల యార్డులు జాబితా రాసివ్వండి. స్లీపర్ క్యాబ్‌లో (పడక ఉన్న ట్రక్కు క్యాబిన్) డ్రైవర్ తప్పనిసరి విశ్రాంతి తీసుకునే వేళకు మినహాయింపు ఉంది, ఆ గొడవలోకి వెళ్లొద్దు.

రెండోది సిటీ సొంత ట్రక్కులు. గ్రాంటుతో కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని వేలం వేస్తే అది పక్క కౌంటీలో తిరుగుతుంది, పొగ మళ్లీ మనకే. అందుకే పాతదాని ఇంజన్ బ్లాక్‌కు 3 అంగుళాల రంధ్రం కొట్టి ఫొటోలు పెట్టమంటారు.

పెట్రోల్ లీఫ్ బ్లోయర్లు నిషేధిద్దామని ఎవరైనా అంటే ఆపండి. ఇంధనాన్ని బట్టి ఇంజన్లను నిషేధించే అధికారం 2023 రాష్ట్ర చట్టంతో నగరాలకు పోయింది. సొంత పరికరాలు మార్చుకోవచ్చు.

సిగ్నల్_టైమింగ్:
సిగ్నళ్లు మర్చిపోకండి. వీటి టైమింగ్ సరిచేయడానికి సీమాక్ నిధులు (రద్దీ, గాలి కాలుష్యం తగ్గించడానికి కేంద్రం ఇచ్చేవి) ఈ ప్రాంత రవాణా మండలి అయిన రీజినల్ ట్రాన్స్‌పోర్టేషన్ కౌన్సిల్ ద్వారా వస్తాయి. పక్క సిటీ సిగ్నల్ సైకిల్ వ్యవధి (ఎరుపు–పచ్చ ఒక చుట్టు పూర్తయ్యే సమయం), మీది వేరైతే సరిహద్దు దగ్గర బండ్లన్నీ ఆగిపోతాయి. ఇద్దరూ కలిసి సరిచేయాలి, 3–5 ఏళ్లకోసారి ట్రాఫిక్ మళ్లీ లెక్కపెట్టాలి. రాష్ట్ర ఓజోన్ ప్రణాళికలో ఇప్పటికే లెక్కలోకి వచ్చిన తగ్గింపును మీ ప్లాన్‌లో మళ్లీ చూపిస్తే ఒప్పుకోరు.

ఉత్తర_డెంటన్:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. ఓజోన్ పెరుగుతుందని హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో పార్కుల్లో గడ్డికోత ఆపమంటే కాంట్రాక్టర్ వింటాడా?

డీజిల్_లెక్క:
టెండర్‌లోనే రాస్తే వింటాడు, మధ్యలో అడిగితే అదనపు డబ్బు అడుగుతాడు. హెచ్చరిక ముందురోజే వస్తుంది కాబట్టి ఆ సాయంత్రానికల్లా కబురు అందాలని, కోత మర్నాటికి జరపాలని రాయండి. "చల్లగా ఉంటుంది, పొద్దున్నే కోస్తాం" అంటే ఒప్పుకోకండి. పొద్దున వదిలిన పొగకే రోజంతా ఎండ దొరుకుతుంది. డీజిల్, పెట్రోల్ నింపడం కూడా సాయంత్రం 6 దాటాకే అని అదే క్లాజులో చేర్చండి.